తాకట్టు ఇల్లు, అప్పీలు వెల

1949 ఏప్రిల్ 22న బాపట్ల సబ్ కోర్టులో ఒక సివిల్ దావా దాఖలైంది. దావా విలువ 11,400 రూపాయలు. 1950 నవంబరులో ఆ కోర్టు దావాను కొట్టివేసింది. వాది పై కోర్టుకు వెళ్లాడు. అప్పీలు పెండింగులో ఉండగానే ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయింది, గుంటూరులో కొత్త హైకోర్టు వెలిసింది. 1955 మార్చి 4న ఆంధ్ర హైకోర్టు కింది తీర్పును తిరగవేసి వాదికి డిక్రీ ఇచ్చింది. ఓడిన పక్షం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవడానికి అనుమతి కోరింది. రాజ్యాంగం 133వ అధికరణ ప్రకారం దావా విలువ 20,000 రూపాయలైనా ఉండాలి, ఇక్కడ అంత లేదు కనుక అనుమతి లేదని హైకోర్టు చెప్పింది.

గరికపాటి వీరయ్య కేసుగా న్యాయవాదులందరికీ తెలిసిన వివాదం ఇదే. 1957లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నాలుగు గొంతుకలతో ఒక సూత్రాన్ని స్థిరపరచింది. అప్పీలు హక్కు తీర్పు వెలువడిన రోజున పుట్టేది కాదు, దావా దాఖలైన రోజునే కక్షిదారుకు సంక్రమిస్తుంది. ఆ తరువాత వచ్చిన చట్టం స్పష్టంగా గానీ, తప్పనిసరి అన్వయం చేత గానీ తీసివేస్తే తప్ప ఆ హక్కు పోదు. 1949లో పై అప్పీలుకు కావలసిన విలువ 10,000 రూపాయలే. దావా విలువ అంతకు మించే ఉంది. కనుక తలుపు తెరుచుకోవలసిందే.

ఆ తీర్పును పాఠ్యపుస్తకాలు సంక్రమించిన హక్కుకు నిదర్శనంగా ఉదహరిస్తాయి. అంతగా చర్చకు రాని ప్రశ్న మరొకటి అందులో దాగి ఉంది. న్యాయం కోసం ఒక మనిషి ఎంత ఎత్తు వరకు వెళ్లవచ్చునన్నది అతని ఆస్తి ఖరీదుపై ఎందుకు ఆధారపడాలి? ఈ ప్రశ్న తాకట్టు వివాదాలలో తలెత్తినంత పదునుగా మరెక్కడా తలెత్తదు. తాకట్టులో విలువ ఒక్కటి కాదు, కనీసం రెండు. ఇచ్చిన అప్పు ఒకటి, అప్పుకు పూచీగా నిలిచిన ఇల్లో పొలమో రెండవది. రెంటిలో దేనిని లెక్కలోకి తీసుకుంటారన్న దానిని బట్టి కక్షిదారు ఎక్కే మెట్లు మారిపోతాయి.

పాత అసలు, కొత్త ధర

భారతీయ సివిల్ న్యాయవ్యవస్థ మెట్ల వ్యవస్థ. ప్రతి దావాను దానిని విచారించగల అధికారం ఉన్న కోర్టులలో అన్నిటికన్నా కింది దానిలోనే వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 15వ సెక్షన్ చెబుతుంది. కింది కోర్టుకు ఎంత విలువ వరకు అధికారమో, దాని తీర్పుపై అప్పీలు జిల్లా కోర్టుకో హైకోర్టుకో రాష్ట్రాల సివిల్ కోర్టుల చట్టాలు నిర్ణయిస్తాయి. సీనియర్ సివిల్ జడ్జి ఇచ్చిన తీర్పు ఒక పరిమితి లోపు విలువగల దావాకు సంబంధించినదైతే అప్పీలు జిల్లా కోర్టుకు, పరిమితి దాటితే నేరుగా హైకోర్టుకు వెళుతుంది. సాధారణంగా ఇక్కడ కొలబద్ద అప్పీలు నాటి ఆస్తి ధర కాదు, దావా దాఖలు నాడు కట్టిన విలువ.

ఇది పైకి నిర్వహణపరమైన ఏర్పాటుగా కనిపిస్తుంది. ఫలితం మాత్రం అంత నిర్వికారమైనది కాదు. నేరుగా హైకోర్టుకు వెళ్లిన మొదటి అప్పీలులో సాక్ష్యాలను, వాస్తవాలను మొదటినుంచి మళ్లీ తూచి చూస్తారు. జిల్లా కోర్టులో మొదటి అప్పీలు ముగిసి, రెండవ అప్పీలుగా హైకోర్టుకు వెళ్లినవారికి ఆ అవకాశం లేదు. 1976 సవరణ తరువాత 100వ సెక్షన్ కింద గణనీయమైన న్యాయ ప్రశ్న ఉంటేనే రెండవ అప్పీలు విచారణకు నిలుస్తుంది. అంటే దావా విలువ ఒక గీతకు ఇటు ఉందా అటు ఉందా అన్నదే, వాస్తవాలపై ఆఖరి మాట జిల్లా న్యాయమూర్తిదా, హైకోర్టుదా అన్నది తేలుస్తుంది.

తాకట్టు విమోచన దావా ఈ గీతకు దాదాపు ఎప్పుడూ కిందనే ఉంటుంది. 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం ఏడవ సెక్షన్ తొమ్మిదవ పేరా ప్రకారం విమోచన దావాకు రుసుము తాకట్టు దస్తావేజులో రాసుకున్న అసలు మొత్తంపైనే. భూమి ధర ఎంతన్నది అక్కడ ప్రశ్నే కాదు. 1887 నాటి దావాల విలువ నిర్ధారణ చట్టం ఎనిమిదవ సెక్షన్ రుసుముకు కట్టిన విలువే అధికార పరిధికీ వర్తిస్తుందని సాధారణ నియమం చేసింది. ఆ నియమం నుంచి మినహాయించిన కొద్ది రకాల దావాలలో తాకట్టు దావాలు ఉన్నాయి. చట్టం ఖాళీ వదిలింది. హైకోర్టులు ఆ ఖాళీని సాధారణంగా అప్పు వైపు నుంచే పూరించాయి. విమోచన దావాలో వివాదం యాజమాన్యం మీద కాదు, ఆస్తిపై ఉన్న రుణభారం మీద మాత్రమే అన్నది అందుకు చెప్పిన హేతువు.

హేతువు సబబుగానే ఉంది. తాకట్టు పెట్టినవాడు ఆస్తిని అమ్మలేదు. బదిలీ చట్టం 60వ సెక్షన్ అతనికి విమోచన హక్కును ఇచ్చింది. ఒకసారి తాకట్టయినది ఎప్పటికీ తాకట్టే అన్న సూత్రాన్ని న్యాయస్థానాలు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చాయి. తన పొలాన్ని తాను విడిపించుకోవడానికి వచ్చిన రైతును నేటి మార్కెట్ ధరపై రుసుము కట్టమంటే విమోచన హక్కు కాగితం మీది అక్షరంగా మిగిలిపోయేది. పాత అసలుపై స్వల్ప రుసుము కట్టి కోర్టు గుమ్మం దాటగలగడం బీద తాకట్టుదారుకు ఈ దేశపు చట్టం చేసిన నిజమైన మేలు.

మేలు గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. 1995లో ఒక కుటుంబం రెండెకరాలను 20,000 రూపాయలకు స్వాధీన తాకట్టు పెట్టిందనుకుందాం. అప్పిచ్చినవాడు భూమిని సాగు చేసుకుంటూ ఫలసాయాన్ని వడ్డీ కింద అనుభవిస్తాడు. విమోచనకు 1963 నాటి పరిమితి చట్టం 30 ఏళ్ల గడువు ఇచ్చింది. స్వాధీన తాకట్టుల విషయంలో తాకట్టు తేదీ నుంచే గడియారం తిరగదని, ఫలసాయం నుంచి గానీ నగదుగా గానీ బాకీ తీరినప్పటి నుంచో, దానిని చెల్లించజూపినప్పటి నుంచో లెక్క మొదలవుతుందని సుప్రీంకోర్టు 2014లో సింగ్ రామ్ కేసులో తేల్చింది. కాబట్టి ఒక తరం గడిచాక కొడుకో కూతురో దావా వేయడం అసాధారణమేమీ కాదు. ఈలోగా ఊరి పక్కనుంచి రహదారి పడి ఎకరం ధర లక్షలలోకి వెళ్లి ఉంటుంది. అప్పిచ్చిన కుటుంబం అసలు తాకట్టే లేదని, అది విక్రయమేనని బుకాయిస్తుంది. పోరాటం పేరుకు 20,000 రూపాయల భారం మీద, నిజానికి మొత్తం భూమి మీద. అయినా విలువను నిర్ణయించేది వాదపత్రమే. కేసు అట్టడుగు కోర్టులో మొదలై, వాస్తవాలపై జిల్లా స్థాయిలోనే ముగిసిపోతుంది. అదే భూమికి పక్క గట్టువాడు మార్కెట్ విలువ కట్టి యాజమాన్య దావా వేస్తే అది నేరుగా హైకోర్టు మొదటి అప్పీలు దాకా వెళ్లవచ్చు. గట్టుకు ఈ పక్క ఒక నిచ్చెన, ఆ పక్క మరొకటి.

పని పంపకమా, ప్రవేశ రుసుమా

విలువ కొలబద్దకు రెండు ఉపయోగాలు ఉండవచ్చు. ఒకటి, కోర్టుల మధ్య పని పంచుకోవడం. రెండవది, ఇంత ఆస్తి లేనివాడు ఈ మెట్టు ఎక్కరాదని ఆపడం. మొదటిది సమంజసం. రెండవది ప్రజాస్వామ్యానికి తగినది కాదు. స్వతంత్ర భారత న్యాయచరిత్రలో రెండు ఘట్టాలు ఈ తేడాను స్పష్టం చేశాయి.

మొదటిది 1954 నాటి కిరణ్ సింగ్ కేసు. బీహారులోని మోంఘీర్‌లో భూమి స్వాధీనం కోరుతూ వేసిన దావాకు వాదులు 2,950 రూపాయల విలువ కట్టారు. సబార్డినేట్ జడ్జి దగ్గర ఓడారు, జిల్లా కోర్టు అప్పీలులోనూ ఓడారు. రెండవ అప్పీలుకు పాట్నా హైకోర్టు మెట్లెక్కినప్పుడు స్టాంపుల పరిశీలకుడు విలువ తప్పని పట్టుకున్నాడు. సరైన విలువ 9,980 రూపాయలని తేలింది. 5,000 దాటిన దావాల అప్పీలు నేరుగా హైకోర్టుకే రావాలి. వాదులు వెంటనే కొత్త పల్లవి అందుకున్నారు. జిల్లా కోర్టుకు అధికారమే లేదు కాబట్టి దాని తీర్పు చెల్లదు, తమ కేసును మొదటి అప్పీలుగా వాస్తవాలతో సహా మళ్లీ వినాలన్నారు. తక్కువ విలువ కట్టినది తామేనన్న సంగతి వారికి అడ్డు రాలేదు.

సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ వెంకటరామ అయ్యర్ రాసిన తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది. 1887 చట్టం 11వ సెక్షన్ ప్రకారం విలువలో పొరపాటు కేసు గుణదోషాలపై కక్షిదారుకు నష్టం కలిగించినప్పుడే తీర్పును కదిలించవచ్చు. వినే కోర్టు మారినంత మాత్రాన అది నష్టం కాదు. ఆర్థిక పరిధి అనేది కోర్టుల సౌకర్యం కోసం ఉన్న ఏర్పాటు, న్యాయానికి ప్రాణం కాదు అన్నది దీని సారాంశం. 1976లో పార్లమెంటు ఇదే ధోరణిని సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ సెక్షన్‌లోనూ చేర్చింది. ఆర్థిక పరిధిపై అభ్యంతరం మొదటి కోర్టులో, తొలి అవకాశంలోనే చెప్పాలి, లేకుంటే పై కోర్టు వినదు.

రెండవ ఘట్టం రాజ్యాంగానిదే. వలస పాలనలో ప్రీవీ కౌన్సిల్‌కు సివిల్ అప్పీలు వెళ్లాలంటే 10,000 రూపాయల విలువ కావాలి. రాజ్యాంగ నిర్మాతలు దానిని 20,000గా మార్చి 133వ అధికరణలో ఉంచారు. బాపట్ల కేసులో ఆంధ్ర హైకోర్టు చూపిన అడ్డుకట్ట అదే. ఆస్తి ఉన్నవాడికి హక్కుగా దొరికిన అప్పీలు లేనివాడికి హక్కుగా దొరకని పరిస్థితిని గణతంత్రం రెండు దశాబ్దాలు మోసింది. లా కమిషన్ సిఫార్సుల మీద పార్లమెంటు 1972లో 30వ రాజ్యాంగ సవరణ చేసింది. 1973 ఫిబ్రవరి 27 నుంచి విలువ కొలబద్ద పోయి, సర్వసాధారణ ప్రాముఖ్యం గల గణనీయమైన న్యాయ ప్రశ్న అన్న కొలబద్ద వచ్చింది. ఆస్తి ఖరీదు ప్రవేశ రుసుము కాకూడదని ఈ దేశం తన అత్యున్నత న్యాయస్థానం విషయంలో చేసుకున్న నిర్ణయమది.

బ్యాంకు చెప్పిన అంకె

ఆ నిర్ణయం 30 ఏళ్లు నిలిచింది. 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే 13వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, బాకీ తీరకపోతే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. 34వ సెక్షన్ సివిల్ కోర్టుల తలుపులు మూసింది. రుణగ్రహీతకు మిగిలినది 17వ సెక్షన్ కింద 45 రోజులలో రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌ను ఆశ్రయించడం. చట్టం తొలి రూపంలో అక్కడికి వెళ్లడానికే బ్యాంకు కోరిన మొత్తంలో 75 శాతం ముందుగా జమ చేయాలి. మార్దియా కెమికల్స్ కేసులో 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. పేరు ఏదైనా ఆ దరఖాస్తు అప్పీలు కాదు, మొదటి దావాతో సమానం. మొదటి గుమ్మం దగ్గరే ఇంత సొమ్ము అడగడం నిరంకుశమని ధర్మాసనం భావించింది.

అదే ఏడాది సవరణతో ఆ షరతు ఒక మెట్టు పైకి ఎక్కింది. ట్రైబ్యునల్ తీర్పుపై 18వ సెక్షన్ కింద అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు 30 రోజులలో వెళ్లాలి. వెళ్లే రుణగ్రహీత బకాయిలో సగం జమ చేయాలి. బ్యాంకు కోరిన మొత్తం, ట్రైబ్యునల్ నిర్ణయించిన మొత్తం, రెంటిలో ఏది తక్కువైతే అందులో సగం. కారణాలు రాసి అప్పిలేట్ ట్రైబ్యునల్ దానిని 25 శాతం వరకు తగ్గించగలదు, అంతకు కిందికి దిగలేదు. పూర్తిగా మినహాయించే అధికారం ఎవరికీ లేదని 2011లో నారాయణ చంద్ర ఘోష్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ షరతు రుణగ్రహీతకు మాత్రమే. బ్యాంకు ఓడి అప్పీలుకు వెళితే జమ చేయవలసినదేమీ లేదు. చట్టం నిర్వచనంలో రుణగ్రహీత అంటే అప్పు తీసుకున్నవాడే కాదు, హామీ ఉన్నవాడు, మరొకరి అప్పుకు తన ఇల్లు తాకట్టు పెట్టినవాడు కూడా.

ఇక్కడ విలువ స్వభావమే మారిపోయిన సంగతిని గుర్తించాలి. సివిల్ కోర్టులో విలువ కట్టేది వాది. తప్పు కట్టితే సరిదిద్దే యంత్రాంగం ఉంది. 18వ సెక్షన్ లెక్కలో, ట్రైబ్యునల్ బకాయిని విడిగా తేల్చని సందర్భాలలో, నిలిచేది ఎదుటి పక్షం నోటీసులో రాసిన అంకె. అందులో వడ్డీ, అపరాధ వడ్డీ చేరి ఉంటాయి. వివాదమే ఆ అంకె మీద అయినా అప్పీలు వెలను నిర్ణయించేది అదే. ప్రత్యర్థి రాసుకున్న లెక్క ప్రకారం తన గుమ్మానికి తాను సుంకం కట్టే స్థితి మరే సివిల్ వివాదంలోనూ సులభంగా కనిపించదు.

ఆస్తి విలువ మాత్రం ఈ లెక్కలోకి రానే రాదు. ఒక మధ్యతరగతి కుటుంబం 70 లక్షల ఇంటిపై తీసుకున్న అప్పుకు బ్యాంకు 40 లక్షల బాకీ చూపిందనుకుందాం. ఇల్లు బ్యాంకు స్వాధీనంలోకి వెళ్లింది. ట్రైబ్యునల్‌లో ఓడిన ఆ కుటుంబం అప్పీలుకు 20 లక్షలు, ఎంత దయ చూపినా 10 లక్షలు తేవాలి. బ్యాంకు చేతిలో అప్పుకు మించిన పూచీ ఇప్పటికే ఉంది. పూచీ మీద పూచీ అడుగుతోంది చట్టం. 2016లో యాక్సిస్ బ్యాంక్, ఎస్‌బీఎస్ ఆర్గానిక్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ జమ సొమ్ము తాకట్టు ఆస్తి కాదని, అప్పీలు ముగిశాక జమ చేసినవారికి తిరిగి రావలసినదేనని చెప్పింది. అది మంచి మాటే. కానీ తిరిగి వచ్చే సొమ్మైనా ముందుగా ఉన్నవాడే కట్టగలడు. 2023 జనవరిలో సిద్ధ నీలకంఠ్ పేపర్ కేసులో మరొక ముడి బిగిసింది. వేలాన్నే సవాలు చేస్తున్న రుణగ్రహీత, ఆ వేలంలో వచ్చిన సొమ్మును తన జమగా చూపుకోజాలడు. వేలం తప్పంటూనే వేలం సొమ్మును తనదనడం చెల్లదన్నది తర్కం. తర్కంలో లోపం లేదు. ఫలితంగా తన ఇంటిని కారుచౌకగా అమ్మారని చెప్పదలచినవాడు ఇల్లూ పోగొట్టుకుని, ఇంటి సొమ్ముపై లెక్కా పోగొట్టుకుని, మూడవ చోట నుంచి జమ తేవాలి.

కాలం కూడా రుణగ్రహీత పక్షాన లేదు. 2016 సవరణకు ముందు వేలం పూర్తయ్యే దాకా ఆస్తిని విడిపించుకునే వీలుండేది. ఇప్పుడు వేలం ప్రకటన వెలువడగానే ఆ హక్కు ముగుస్తుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో బఫ్నా మోటార్స్ కేసులో చెప్పింది. హైకోర్టులో రిట్ వేద్దామంటే, ప్రత్యామ్నాయ మార్గం ఉండగా జోక్యం తగదని 2010 నాటి సత్యవతి టండన్ తీర్పు హైకోర్టులను హెచ్చరించింది. ఆ ప్రత్యామ్నాయ మార్గానికే సుంకం ఉందన్న విషయం ఆ వాక్యంలో వినిపించదు. తెలుగు రాష్ట్రాల రుణగ్రహీతకు దూరం మరొక భారం. దేశం మొత్తానికి అప్పిలేట్ ట్రైబ్యునళ్లు అయిదే. హైదరాబాద్, విశాఖపట్నం ట్రైబ్యునళ్ల తీర్పులపై అప్పీలు కోల్‌కతాకు వెళుతుంది.

చిన్న అప్పుల దగ్గర వైపరీత్యం ఇంకా స్పష్టం. 2018లో కేంద్రం రుణ వసూళ్ల ట్రైబ్యునళ్ల కనీస పరిధిని 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచింది. అంతకు తక్కువ బాకీకి బ్యాంకు దావా వేయదలిస్తే సివిల్ కోర్టుకే వెళ్లాలి. అయితే సర్ఫేసీ కింద లక్ష రూపాయలు దాటిన పూచీ అప్పులన్నిటిపైనా చర్య తీసుకోవచ్చు. 15 లక్షల ఇంటి అప్పుపై బ్యాంకు సివిల్ దావా వేస్తే రుణగ్రహీతకు సాధారణ అప్పీలు మెట్లున్నాయి. అదే అప్పుపై బ్యాంకు సర్ఫేసీ నోటీసు ఇస్తే అప్పీలుకు సగమో పావో జమ. అప్పు అదే, ఇల్లు అదే, మనిషి అతడే. అతని అప్పీలు హక్కు ఎంతో నిర్ణయించేది అప్పిచ్చినవాడి ఎంపిక. అప్పీలు హక్కు దావా నాడే కక్షిదారుకు సంక్రమిస్తుందన్న గరికపాటి సూత్రం పక్కన దీనిని నిలిపి చూస్తే ఎంత దూరం జరిగామో అర్థమవుతుంది.

అవతలి వాదన

బ్యాంకుల పక్షాన చెప్పవలసినది ఉంది. సర్ఫేసీకి ముందు వసూలు దావాలు ఏళ్ల తరబడి నడిచేవి. స్తోమత ఉన్న ఎగవేతదారులు స్టే మీద స్టే తెచ్చుకుని ఫ్యాక్టరీ యంత్రాలను అమ్ముకున్న ఉదంతాలు కల్పితాలు కావు. బ్యాంకుల సొమ్ము అంతిమంగా డిపాజిటర్ల సొమ్ము. అప్పీలు అనేది రాజ్యాంగం అందరికీ ఇచ్చిన మౌలిక హక్కు కాదు, చట్టం ఇచ్చినది. ఇచ్చిన చట్టం షరతు పెట్టవచ్చునని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి.

ఈ వాదనలన్నీ అంగీకరించినా 18వ సెక్షన్ ప్రస్తుత రూపం నిలబడదు. స్తోమత ఉన్న ఎగవేతదారును ఆపడమే లక్ష్యమైతే, ముందస్తు జమ సరిగ్గా అతనినే ఆపలేదు. అతను కట్టగలడు. ఆగిపోయేది జీతం ఆగిన ఉద్యోగి, మిత్రుడికి హామీ ఉండి చిక్కుకున్న చిరు వ్యాపారి. కాలయాపనను అరికట్టడమే లక్ష్యమైతే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో నమూనా సిద్ధంగా ఉంది. 41వ ఆర్డర్ అయిదవ రూలు ప్రకారం అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. అమలు ఆపమని కోరేవాడు తగిన పూచీ ఇవ్వాలి. అప్పీలు వినడం వేరు, స్టే ఇవ్వడం వేరు. సొమ్ము షరతు ఉండవలసిన చోటు రెండవదే.

ఇది భారతదేశపు చిక్కు మాత్రమే కాదు. కిరణ్ సింగ్ కేసును నడిపించిన 1887 నాటి సివిల్ కోర్టుల చట్టమే నేటికీ బంగ్లాదేశ్ సివిల్ న్యాయవ్యవస్థకు పునాది. ఆ దేశం 2021లో సవరణ చేసి జిల్లా న్యాయమూర్తి అప్పీలు పరిధిని 5 లక్షల టాకాల నుంచి ఒక్కసారిగా 5 కోట్లకు పెంచింది. గీతను కాలానుగుణంగా జరపకుండా దశాబ్దాలు వదిలేసి ఒక్క గెంతులో సరిచేస్తే ఎలా ఉంటుందో అది చూపుతుంది. ద్రవ్యోల్బణం చట్టసభ అనుమతి అడగకుండానే గీతను ఏటా కిందికి లాగుతుంది. నిన్న జిల్లా కోర్టులో ముగిసే సాధారణ వివాదం నేడు హైకోర్టు మొదటి అప్పీలుగా మారి ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. రుణ వివాదాల విషయంలో బంగ్లాదేశ్ పరిస్థితీ మెరుగు కాదు. 2003 నాటి అర్థ రుణ న్యాయస్థానాల చట్టం కింద అప్పీలుకు డిక్రీ మొత్తంలో సగం జమ చేయాలి.

చేయవలసినవి

సవరణలు మూడు చోట్ల అవసరం. మొదటిది రాష్ట్రాల చేతిలో ఉంది. సివిల్ కోర్టుల ఆర్థిక పరిమితులను ఎప్పుడో ఒకసారి పెద్ద మొత్తంలో పెంచే పద్ధతి మాని, నిర్ణీత కాలానికి ధరల సూచీతో సమీక్షించే నిబంధన చట్టంలోనే పెట్టాలి. పెంచిన ప్రతిసారీ అప్పటికే దాఖలైన దావాల అప్పీలు హక్కు ఏమవుతుందో స్పష్టంగా రాయాలి. బాపట్ల కక్షిదారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేల్చుకోవలసి వచ్చినది ఆ స్పష్టత లేకనే.

రెండవది విమోచన దావాల గురించి. రుసుముకు పాత అసలే కొలబద్దగా ఉండాలి, అందులో మార్పు అక్కరలేదు. అప్పిచ్చినవాడు తాకట్టునే కాదని యాజమాన్యం చాటుకున్న కేసులలో మాత్రం, అప్పీలు మెట్టును నిర్ణయించడానికి భూమి నేటి విలువను తీసుకునే ఐచ్ఛికాన్ని తాకట్టు పెట్టినవాడికి ఇవ్వాలి. ఐచ్ఛికం అనడానికి కారణం ఉంది. జిల్లా కేంద్రంలో బస్సు దిగి నడిచి వెళ్లే కోర్టును వదిలి రాజధాని హైకోర్టుకు తిరగడం ప్రతి రైతుకూ వరం కాదు. ఏ మెట్టు తనకు మేలో ఎంచుకునే అవకాశం పోగొట్టుకోబోయేవాడి చేతిలో ఉండటం న్యాయం. రుసుముకు ఒక విలువ, పరిధికి మరొక విలువ ఉండవచ్చునని 1887 చట్టమే తాకట్టులకు మినహాయింపు ఇచ్చి వీలు కల్పించింది. ఆ వీలును బీదవాడి వైపు వాడుకోవడానికి కొత్త సిద్ధాంతమేదీ కనిపెట్టనక్కరలేదు.

మూడవది పార్లమెంటు పని, అన్నిటికన్నా తక్షణం. 18వ సెక్షన్ జమను అప్పీలు విచారణకు కాక స్టేకు షరతుగా మార్చాలి. అది కుదరకపోతే కనీసం తాకట్టు ఆస్తి విలువను లెక్కలోకి తేవాలి. రుణదాత స్వాధీనంలో ఉన్న ఆస్తి ఖరీదు, రుణదాత నియమించిన మదింపుదారు లెక్క ప్రకారమే, బాకీకి మించి ఉన్నప్పుడు వేరే జమ అడగరాదు. నివాస గృహాల విషయంలోనూ, స్వయంగా అప్పు వాడుకోని హామీదారుల విషయంలోనూ 25 శాతం కన్నా తగ్గించే అధికారం అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు ఉండాలి. అమరావతి, హైదరాబాద్‌లకు అందుబాటులో అప్పిలేట్ ట్రైబ్యునల్ పీఠం కోరడం తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకు అతీతంగా చేయగల పని.

సాగుభూమికి సర్ఫేసీ వర్తించదని 31వ సెక్షన్ మినహాయించింది. అందుకే పల్లె తాకట్టు నేటికీ సివిల్ కోర్టు మెట్ల మీద, పట్నపు ఇల్లు ట్రైబ్యునల్ మెట్ల మీద నడుస్తున్నాయి. పల్లెలో లోపం ఆస్తి నిజవిలువను చట్టం చూడకపోవడం వల్ల. పట్నంలో లోపమూ అదే, ఇంకా తీవ్రంగా. 1973లో సుప్రీంకోర్టు గుమ్మం నుంచి తొలగించిన ధర పట్టికను చట్టం రుణగ్రహీత గుమ్మానికి మళ్లీ తగిలించింది. రాజ్యాంగ సవరణకే వెనుదీయని పార్లమెంటుకు, ఒక సాధారణ చట్టంలో ఒక్క సెక్షన్‌ను సరిదిద్దడం అసాధ్యమేమీ కాదు. ఇల్లు పోగొట్టుకుంటున్నవాడి మాట రెండవసారి వినడానికి అతని జేబులో ఎంత ఉందో ముందు లెక్కపెట్టడం ఆగాలి.